పంటి గుర్తుల డబ్బీతో సికింద్రాబాద్‌కి

సికింద్రాబాద్ వెళ్ళొచ్చావు కదా, ఏం చూశావు అని మా పాతపట్నంలో కనిపించినవాళ్ళంతా అడుగుతున్నారు. చార్మినార్ చూడలేదు. గోల్కొండ చూడలేదు. నేను చూసిందల్లా ఒక మెట్రో బండి, ఒక ఆఫీసు వరండా, ఒక వంటిల్లు, ఒక పెళ్ళి హాలు. వాటిని కూడా నిమ్మళంగా చూడలేదు. నా చూపంతా నా సంచి మీదే ఉంది. ఆ సంచిలో పాత తువ్వాలులో చుట్టిన, కొమ్ముతో చేసిన ముక్కుపొడుం డబ్బీ ఒకటి ఉంది.

మాది కొమ్ము పని చేసే ఇల్లు. గేదె కొమ్ముని సెగ మీద మెత్తబరిచి, అణచి, కోసి, దువ్వెనలూ కత్తి పిడులూ చేస్తాం. చేసేది మా నాన్న. మెరుగు పెట్టి దుకాణంలో అమ్మేది నేను. రెండేళ్ళ క్రితం సికింద్రాబాద్ నుంచి కరీం గారనే ఆయన ఆఫీసు పని మీద విశాఖపట్నం వచ్చి, కొమ్ము పనివాళ్ళని వెతుక్కుంటూ మా ఇంటి దాకా వచ్చాడు. జేబులోంచి డబ్బీ తీసి నాన్న చేతిలో పెట్టాడు. కోడిగుడ్డంత ఉంటుంది. నల్లటి కొమ్ము, మధ్యలో తేనె రంగు చార. మూత కీలు విరిగిపోయింది.

"మా ఖాందాన్‌ల అందరికంటె ముందుగాల సికింద్రాబాద్ వచ్చినాయనది ఇది," అన్నాడు. ఆయన పేరు మదార్ సాహెబ్. కోస్తా నుంచి పొగాకు బండి తోలుకుని వచ్చి, అక్కడి బజారులో మొట్టమొదటి ముక్కుపొడుం దుకాణం పెట్టాడట. ఆ తర్వాత అక్కడ అల్లుకున్న కుటుంబమంతా ఆయన సంతానమే.

నెలలో ఇస్తానన్న పని రెండేళ్ళు పట్టింది. మధ్యలో నాన్న కళ్ళకి పొర కమ్మింది. ఒక కన్ను ఆపరేషనైంది కానీ చూపు పూర్తిగా రాలేదు. మొన్న కరీం గారు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం కొడుకు పెళ్ళి, డబ్బీ ఎట్టి పరిస్థితిలోనూ కావాలన్నాడు. నేనే తెచ్చి ఇస్తానని మాటిచ్చాను. అప్పుడు వాళ్ళమ్మ ఫోను అందుకుంది.

"జర పైలం బిడ్డా. మూత మీద పిల్ల పండ్ల గుర్తులుంటయ్. మా ఇంట్ల కొత్త కోడలు కాలు పెడితె ముందుగాల బొటనవేలు ఆడనే పెడ్తది. గవి అరగకుంట చూడు."

నేను చేతిలో ఉన్న డబ్బీ వైపు చూశాను. కీలు బాగుచేస్తూ నాన్న మూతని కూడా గీకి నున్నగా చేశాడు, అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఏ పంటి గుర్తూ లేదు.

పక్కనే కూర్చున్న నాన్న అంతా విన్నాడు. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఆయన కుంపటి పక్కన కూర్చుని ఉన్నాడు. మూత మీద మూడు చిన్న గుంటలు పడి ఉన్నాయి. ఉలి మొన వేడి చేసి అద్దాడు. వాటికి పాతదనం రావడానికి నూనె, మసి కూడా రాశాడు.

"ఎవులికి తెలస్తాది? నువ్వు నోరిప్పకపోతే సాలు," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఇక ఆ కళ్ళతో ఆయన చెయ్యగలిగిన పనిలో అదే చివరిది కావచ్చు.

పలాస

పలాసలో మధ్యాహ్నం రైలెక్కాను. ప్లాట్‌ఫాం మీద జీడిపప్పు పొట్లాలు అమ్ముతారు కదా, చేతిలో ఏదైనా ఉండాలని రెండు కొన్నాను. నా ఎదురు సీటులో కాజీపేటలో దిగే ఒకావిడ కూర్చుంది. బరంపురంలో కూతురి కాన్పు చేయించి వెళ్తోందట. నేను పొట్లం విప్పి ఇస్తే, ఆవిడ స్టీలు డబ్బా తీసి గట్టి రొట్టె ముక్క ఒకటి నాకిచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి అద్ది కాల్చిందట. సర్వపిండి అంటారట. మా వైపు ఇలాంటిది లేదు. అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది. ఇంకొక ముక్క అడగాలనిపించింది.

"సంచిల ఏమున్నది, గంత గట్టిగ పట్టుకున్నవ్?" అని అడిగింది.

"పెళ్ళివారి వస్తువండి. ఇచ్చీడానికెళ్తన్నాను."

"బంగారమా?"

"కాదండి. కొమ్ము."

ఆవిడకి అర్థం కాలేదు. ఇంకేం అడగలేదు కానీ, తను బాత్రూంకి వెళ్ళేటప్పుడు తన సంచిని నాకు అప్పజెప్పి, నేను వెళ్ళేటప్పుడు మాత్రం "నీది నువ్వే పట్కపో తల్లీ, నాకు భయమైతది" అంది. నేను ఎంత బిగుసుకుని కూర్చున్నానో ఆ మాటతో నాకే తెలిసింది.

దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కట్టుకుంటూనే ఉన్నాను. ఏమీ చెప్పకుండా డబ్బీ ఇచ్చి నమస్కారం పెట్టి వచ్చేయడం ఒక పద్ధతి. అంతా చెప్పేయడం ఇంకొకటి. మొదటిది తలుచుకుంటే కొత్త కోడలి బొటనవేలు కనిపించేది. రెండోది తలుచుకుంటే నాన్న ముఖం కనిపించేది.

పద్మారావు నగర్

పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్లో దిగాను. బయటికి రాగానే ఆటోలవాళ్ళు చుట్టుముట్టారు. పద్మారావు నగర్‌కి ఒకాయన నూట యాభై అన్నాడు. నేను నడిచి వెళ్తానని రెండడుగులు వేశాను. ఎటు నడవాలో నాకు తెలియదని కనిపెట్టి నవ్వి, వందకి ఒప్పుకున్నాడు.

"ఏ ఊరు మేడం మీది? మీ తెలుగు జర పాట లెక్క ఉన్నది," అన్నాడు దారిలో. మా వైపు మాటకి ఇన్నాళ్ళూ వెక్కిరింపులే విన్నాను కాబట్టి అది మెచ్చుకోలో కాదో తేల్చుకోలేకపోయాను.

పద్మారావు నగర్‌లో మా ఊరి పార్వతి ఉంది. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నాం. పెళ్ళై ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. దాని మాట సగం మా ఊరిది, సగం ఇక్కడిది అయిపోయింది. రెండు గదుల ఇల్లు. కింద కిరాణా కొట్టు, ఎదురుగా బడి. పొద్దున్న ఎనిమిదింటికి ఆ వీధి నిండా యూనిఫాం వేసుకున్న పిల్లలు, స్కూటర్లు. మా ఊళ్ళో ఎవరింటికైనా చుట్టం వస్తే వీధిలో నలుగురు వచ్చి పలకరిస్తారు. ఇక్కడ పక్క వాటావాళ్ళు తలుపు తీసి నన్ను చూసి, తలూపి, తాళం వేసుకుని వెళ్ళిపోయారు. మర్యాద లేక కాదు, టైము లేక అంది పార్వతి.

ఉప్మా తింటూ దానికి అంతా చెప్పాను. డబ్బీ చూపించాను. అది మూత మీద వేలితో రాసి చూసింది.

"అచ్చం పళ్ళ గుర్తుల్లాగే ఉన్నాయే. మీ నాన్న చెయ్యి చెయ్యే."

"అదే కదా బాధ."

"ఏటి బాధ? పెళ్ళిల్లు అది. నువ్విప్పుడెళ్ళి ఇది దొంగదని చెప్తే ఎవులికి లాభం? ఇచ్చేసి రా. పరేషాన్ అవకు."

దాని మాట నాకు నచ్చింది. ఆ రోజు పొద్దున్న ఎవరు ఆ మాట అన్నా నచ్చేదేమో.

బేగంపేట

కరీం గారి ఆఫీసు బేగంపేటలో. మధ్యాహ్నం భోజనం వేళకి వస్తే కిందకి దిగి తీసుకుంటానన్నాడు. అది నాకు మరీ నచ్చింది. ఆఫీసు గుమ్మంలో ఇచ్చేస్తే వాళ్ళమ్మ ముఖం చూడక్కర్లేదు.

మెట్రో స్టేషన్లో సంచి మిషను లోపలికి వెళ్ళింది. అవతల కూర్చున్న అమ్మాయి తెర ఆపి చూసింది. "మేడం, ఏందిది? గుండ్రంగ ఉంది."

తువ్వాలు విప్పి చూపించాను. ఆ అమ్మాయి ఇంకొకతన్ని పిలిచింది. అతను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "కొమ్మా? జింకదైతె కేసైతది తెలుసా?"

గేదె కొమ్ము ఎలా ఉంటుంది, జింక కొమ్ము ఎలా ఉంటుంది, ఒకటి బోలుగా ఉంటుంది, ఇంకొకటి గట్టిగా ఉంటుంది అని గబగబా చెప్పడం మొదలుపెట్టాను. వెనక వరస పెరిగిపోతోంది. చివరికి అతను మూత తీసి లోపల చూశాడు, గట్టిగా తుమ్మాడు. ఎన్నేళ్ళ పొడుమో ఇంకా మూల్లో ఉంది. ఆ అమ్మాయి నవ్వేసింది. "పోండి మేడం, పోండి."

ఆ గాభరాలో ఎదురు దిక్కు బండెక్కి మెట్టుగూడ దాకా వెళ్ళిపోయాను. మళ్ళీ దిగి, ఒకమ్మాయిని అడిగి, ఇటు వైపు బండెక్కి బేగంపేట చేరేసరికి ఒంటిగంట దాటింది. బండిలో అందరూ చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. చల్లగా ఉంది. నాకు మాత్రం చెమటలు.

కరీం గారు కింద వరండాలో నిలబడి ఉన్నాడు. మెడలో ఆఫీసు కార్డు, ముఖంలో పెళ్ళి పనుల అలసట. నేను సంచిలో చెయ్యి పెట్టగానే ఆపేశాడు.

"ఇక్కడొద్దమ్మా. గిట్ల రోడ్డు మీద తీస్కుంటె మా అమ్మీ ఊకోదు. రేపు ఇంటికి రండి. ఆమె చేతికే ఇయ్యాలె. రెండేండ్ల సంది రోజు అడుగుతున్నది."

"నాకు రేపు సాయంత్రం రైలండి." అది అబద్ధం. నా రైలు సోమవారం.

"టికెట్ మార్పిస్త. పెళ్ళికి సుత మీరు ఉండాలె. మీ నాయన పంపిన మనిషి మీరు, గిట్లనే పంపిస్తమా?"

ఆయన అంత మర్యాదగా మాట్లాడుతుంటే నేను నేల చూపులు చూశాను. మారేడ్‌పల్లి ఇంటి అడ్రసు నా ఫోనులో రాసి ఇచ్చాడు.

ఇరానీ హోటల్

తిరిగి స్టేషను దగ్గర దిగాక ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. చలవరాతి బల్లలు, గోడలకి పెద్ద అద్దాలు. చాయ్ ఇరవై రూపాయలు. మా ఊళ్ళో పదికే వస్తుంది కానీ ఇంత చిక్కగా ఉండదు. పక్కనే తియ్యగా ఉప్పగా ఉండే ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే చాయ్ తెప్పించుకుని, ఒకరు కప్పులో, ఒకరు సాసరులో తాగుతున్నారు. ఆడమనిషి ఒక్కతే వచ్చి కూర్చుంటే మా వైపు హోటల్లో చూస్తారు. ఇక్కడెవరూ చూడలేదు. ఆ పావుగంటే నేను ఊపిరి పీల్చుకున్నది.

డబ్బులిచ్చి బయటికొచ్చాను. రోడ్డు దాటాను. బస్టాపులో నిలబడ్డాక సంచి తేలిగ్గా ఉందనిపించింది.

డబ్బీ లేదు. బిస్కెట్లు తిన్న చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు తీశాను. దాంతో పాటే డబ్బీనీ బల్ల మీద వదిలేశాను.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. నేను వెంటనే వెనక్కి పరిగెత్తలేదు. బస్టాపులో నిలబడ్డాను. పోయిందని చెప్పేస్తే, ఎవరో ఎత్తుకుపోయారని చెప్పేస్తే, నాన్న తప్పు ఎవరికీ తెలియదు, ఆయన చేసిన దొంగ గుర్తులూ ఎవరికీ తెలియవు అనిపించింది. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. రెండోది కూడా వెళ్ళింది. ఆ తర్వాత ఆ పెద్దావిడ ఫోనులో "పైలం బిడ్డా" అన్న గొంతు చెవిలో పడ్డట్టయి, వెనక్కి తిరిగాను. రోడ్డు ఎలా దాటానో తెలియదు. ఒక బైకతను తిట్టాడు.

గల్లా దగ్గర కూర్చున్నాయన నన్ను చూసి, బల్ల కిందనుంచి తువ్వాలు మూట తీసి ఇచ్చాడు. "నాస్ డబ్బీ కదమ్మా? మా తాత దగ్గర గిసొంటిదే ఉండె. పారేసుకుంటరా గిట్ల?"

విప్పి చూశాను. మూత మీద మూడు గుంటలూ అలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఇంకో చాయ్ పంపించాడు. డబ్బులు తీసుకోలేదు.

మారేడ్‌పల్లి

శనివారం మధ్యాహ్నం మారేడ్‌పల్లి వెళ్ళాను. మారేడ్‌పల్లిలో తూర్పు వేరు, పడమర వేరని నాకు తెలియదు. ఆటో ఒక చోట దింపింది, ఇల్లు ఇంకొక చోట ఉంది. ఎండలో అరగంట తిరిగాక కరీం గారే స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్ళాడు.

పాత మేడ. గుమ్మానికి పూల తెరలు కడుతున్నారు. లోపల వంటింట్లోంచి వేయించిన ఉల్లిపాయల వాసన. కరీం గారి అమ్మ మహబూబ్‌బీ గారు మంచం మీద కూర్చుని వెల్లుల్లి రెబ్బలు వలుస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. తెల్లటి ఓణీ తల మీదుగా కప్పుకుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూసింది.

"పని చేసే చేతులు. కూసో బిడ్డా. ముందు తిను."

బగారా అన్నం, దాల్చా పెట్టారు. దాల్చా అంటే సొరకాయ, పప్పు, మాంసం కలిపి చింతపండుతో పులుపు చేసిన కూర. మా ఇంట్లో పప్పులో మాంసం వెయ్యం. ఇంకొకప్పుడైతే వండే పద్ధతి అడిగి రాసుకునేదాన్ని. ఆ రోజు సంచి ఒళ్ళో పెట్టుకునే తిన్నాను.

భోజనం అయ్యాక డబ్బీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ వెంటనే ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి, ఓణీ సర్దుకుని, అప్పుడు అరచేతిలోకి తీసుకుంది. కీలు తెరిచి మూసింది. చిన్న చప్పుడు వచ్చింది.

"మంచిగ చేసిండు మీ నాయన," అంది. ఆ తర్వాత నాకు ఆ కథ చెప్పింది.

మదార్ సాహెబ్ బండి తోలుకుని వచ్చినప్పుడు ఆయన భార్య, వాళ్ళ మొదటి బిడ్డ కూడా బండిలో ఉన్నారు. ఆడపిల్ల. దారిలో పళ్ళొస్తూ ఒకటే ఏడుపు. తల్లికి ఇంకేమీ దొరక్క డబ్బీ మూత ఇచ్చిందట. పిల్ల దాన్ని కొరుకుతూ సికింద్రాబాద్ దాకా వచ్చింది. ఇక్కడికొచ్చాక మొదటి వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయింది.

"ఆమెకు ఒక్క ఫోటో లేదు, గోరీ ఏడుందో తెల్వదు. పేరు సుత ఎవరికీ యాద్ లేదు. ఈ పండ్ల గుర్తులే ఉన్నయ్. మేమందరం ఆమె తర్వాత పుట్టినోళ్లమే. గందుకే కొత్త కోడలు ముందుగాల ఆమెకు సలాం చేస్తది." అలా అంటూ ఆవిడ బొటనవేలు మూత మీదకి తెచ్చింది.

నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"అమ్మా, ఆగండి. అవి ఆ పిల్లవి కావు. మా నాన్న చేసినవి."

మొత్తం చెప్పేశాను. కీలు ఒక్కటే బాగుచెయ్యమంటే ఆయన మూతంతా నున్నగా చేసేశాడని, ఆ గుర్తులేమిటో మాకు తెలియదని, ఆవిడ ఫోను చేశాక భయపడి మళ్ళీ పెట్టాడని. కరీం గారు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"కీలు ఒక్కటే చెయ్యమన్నం, గంతే. మూత ఎవరు ముట్టుకొమ్మన్నరు?" అన్నాడు. గొంతు పెంచలేదు, అది ఇంకా భయమేసింది. "రెండేండ్లు పెట్టుకొని గిట్ల చేస్తరా? రేపు పొద్దుగాల పెళ్ళి. వచ్చినోళ్ళకు ఏం చెప్పాలె?"

మహబూబ్‌బీ గారు డబ్బీ ఒళ్ళో పెట్టుకుని, కొడుకుని చేత్తో ఆపింది. నాతో అంది.

"మీ నాయనకు ఫోన్ కలుపు."

కలిపాను. స్పీకర్ పెట్టమంది. నాన్న రెండో రింగుకే ఎత్తాడు. పొద్దుట్నించీ ఫోను పక్కనే పెట్టుకుని ఉన్నట్టున్నాడు.

"ఇచ్చీసావేటే? ఏటన్నారు?"

"నానా, చెప్పేసినాను. అమ్మగారు నీతో మాట్లాడతారట."



"అన్నా, సలాం. నేను మహబూబ్‌బీని. కొట్లాడనీకి చెయ్యలే. ఒక్కటి చెప్పు. నువ్వు గీకక ముందు అవి ఎట్లుండె?"

నాన్నకి పనిలో కూర్చున్నప్పటి గొంతు వచ్చింది.

"నాలుగమ్మా. పైన నాలుగు."

"నాలుగా? మా అత్త మూడని చెప్పింది. నా ఏలికి సుత మూడే తగులుతుండె."

"మీరు ఫోన్లో చెప్పాక ఏలికి ఆనేవి మూడే పెట్టాను. నాలుగోది సన్నగుండీది, ఏలికి తెలీదు. అప్పుడు నా ఒక కన్ను బాగుంది. బూతద్దం పెట్టి సూసినాను. మద్దెలో రెండు పెద్దవి, అటొకటి ఇటొకటి సిన్నవి. బియ్యం గింజల్లాగ. ఎడమేపు పెద్దది లోతు. పిల్ల ఎడం పక్కనే ఎక్కువ కొరికింది."

మహబూబ్‌బీ గారు తన ఎడమ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. ఎందుకో కరీం గారు లోపలికొచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇంకా రెండున్నాయమ్మా," అన్నాడు నాన్న. "మూత లోపలేపు."

"లోపలనా? లోపల మేమెన్నడు చూడలే."

"పొడుం పేరుకుపోయుంది. గీకితే బయటపడినాయి. మూత నోట్లో పెట్టుకుంటే కింది పళ్ళు లోపలేపే పడతాయి కదా. రెండే. పక్కపక్కన. వాటికి అంత లోతు లేదు, నున్నగా చేసేసరికి అవీ పోయినాయి."

ఆవిడ వేళ్ళు ముడుచుకుంటూ లెక్క పెట్టింది. ఆరుగురిని కని పెంచిన మనిషి.

"పైన నాలుగు, కింద రెండు," అంది మెల్లగా. "పది నెలల పిల్ల. మేము రెండేండ్ల పిల్ల అనుకుంటుంటిమి. అప్పుడప్పుడే నిలవడ నేర్చిన పిల్లరా కరీం. బండి పట్టుకొని నిలవడుండొచ్చు."

నాన్నే మళ్ళీ అందుకున్నాడు.

"ఎలక కొరికిందనుకున్నానమ్మా. కాని ఎలక గాటు గీతలాగుంటది. ఇవి అలాగ లేవు. ఇదేటో వేరేదని అప్పుడే అనిపించింది. అయినా ఆగనేదు. కళ్ళు పోకముందు ఒక మంచి పని చేసి సూపించాలనిపించింది. తప్పయిపోయింది."

ఆవిడ ఓణీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు చూడకపోతె లోపలియి మాకు తెల్వకపోతుండె," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇప్పుడు పెట్టినయ్ తీసెయ్ బిడ్డా. నున్నగ చెయ్. మా కోడలు ఆమె లేని చోట ఏలు పెట్టొద్దు."

నేను ఫోను వైపు చూశాను. ఆయన చివరి పని అది. దాన్ని నా చేత్తో చెరపమంటోంది.

"నానా?"

ఆయన అన్నాడు. "తీసీ."

కరీం గారు బజారుకెళ్ళి సన్న ఆకురాయి, గరుకు కాగితం తెచ్చాడు. మేం ఉప్పు కాగితం అంటాం, ఆయన ఎమ్రీ పేపర్ అన్నాడు. వంటింటి గట్టు మీద వెలుతురుండే చోట కూర్చున్నాను. నేను మెరుగు పెట్టడమే కానీ ఆకురాయి పట్టింది లేదు. ఫోను పక్కన పెట్టి మొదటిసారి రాశాను.

"అలాగ కాదు," అన్నాడు నాన్న ఫోనులోంచి. చప్పుడు విని చెబుతున్నాడు. "నొక్కీకు. ఏటవాలుగా పట్టు. ఒకే దిక్కుకి లాగు. ఆఁ. ఇప్పుడు బాగుంది."

వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఒక గుంట పోయింది. రెండోది పోయింది. మూడోదాని దగ్గర నా చెయ్యి ఆగింది. "ఇంకొకటుంది కదా," అన్నాడు ఆయన. "కానీ."

అది కూడా తీసేశాను. కొబ్బరి నూనె రాసి, మెత్తటి బూడిదతో రుద్ది, కరీం గారి చేతికిచ్చాను. ఆయన వేలితో తడిమి చూసి, తలూపాడు. అన్న మాటకి సారీ చెప్పలేదు, కోపంగానూ లేడు. "పొద్దుగాల పదింటికి బండి పంపిస్త," అన్నాడు.

పెళ్ళి హాలు

ఆదివారం పెళ్ళి. వెళ్ళాలా వద్దా అని పార్వతి ఇంట్లో పొద్దున్న రెండుసార్లు చీర మార్చాను. హాల్లో అందరికీ తెలిసిపోయి ఉంటుందని, నన్ను చూపించి చెప్పుకుంటారని భయం. వెళ్ళాక చూస్తే ఎవరి హడావుడి వాళ్ళది. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు మధ్య తెర. మా పెళ్ళిళ్ళలో ముహూర్తం వేళకే డోలు, సన్నాయి గట్టిగా మోగుతాయి. ఇక్కడ నిఖా చదివేటప్పుడు హాలంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయింది, తర్వాత ఖర్జూరాలు పంచారు. బిర్యానీ, డబుల్ కా మీఠా. నేతిలో వేయించిన బ్రెడ్డు పాలలో నాని ముద్దగా ఉంటుంది, తినడం మొదలుపెడితే ఆపలేం. ఆ రోజు కూడా నేను సగంలో ఆపేశాను. ఆడవాళ్ళ వైపు డబ్బీ తెచ్చారు.

పెళ్ళికూతురి పేరు అస్మా. బ్యాంకులో పని చేస్తుందట. ఎర్రటి బట్టల్లో తల వంచుకుని కూర్చుంది. మహబూబ్‌బీ గారు ఆ పిల్ల కుడి చెయ్యి తీసుకుని, బొటనవేలు మూత మీద పెట్టించింది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను.

అస్మా వేలు అటూ ఇటూ కదిపింది. తలెత్తి చూసింది.

"దాదీ, ఏం తగుల్తలేదు."

"తగలదు బిడ్డా. ఇప్పుడు లేవు. విను." ఆవిడ ఆ పిల్ల వేలు పట్టుకుని నున్నటి మూత మీద ఒక్కొక్క చోటా ఆపింది. "ఇక్కడ రెండు పెద్దయ్. అటొకటి, ఇటొకటి చిన్నయ్. ఈ ఎడంపక్కది లోతు. లోపల రెండు. పది నెలల పిల్ల. బండి పట్టుకొని నిలవడ్తుండె."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. కరీం గారి బంధువుల్లో ఒక పెద్దావిడ అనుమానంగా అడిగింది.

"అన్ని సంగతులు మీకెవరు చెప్పిన్రు? మీ అత్త సుత మూడే అంటుండె కదా?"

అప్పుడు మహబూబ్‌బీ గారు తలెత్తి హాలంతా వెతికింది. గోడ పక్కన నన్ను చూసింది. చెయ్యి చాపి చూపించింది.

"వీళ్ళ నాయన," అంది. "మా ఇంట్ల ఎవ్వరం చూడలే. ఆయన చూసిండు."